ముధోల్ వేటకుక్క: స్వభావం, పెంపకం, జాగ్రత్తలు

తుంగభద్ర_తీరం

అందరికీ నమస్కారం. మాది కర్నూలుకు దగ్గరలోని పల్లె. మామిడి తోటలోనే ఇల్లు కట్టుకుని ఉంటున్నాం. ముధోల్ కూనను తెచ్చుకోవాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. నాన్నగారికి తోట కాపలా ముఖ్యం. నాకు మాత్రం ఆ కుక్క పరుగంటే ఇష్టం. ఇంట్లో కోళ్లు, ఒక పిల్లి, ఆరేళ్ల పాప ఉన్నారు.

ఈ జాతి మా తోటకు సరిపోతుందా? మా ఎండలను తట్టుకుంటుందా? ఏమి పెట్టాలి? ఇంకొక సంగతి. ఫోనులో మాట్లాడిన ఒక అమ్మకందారు ఇది వేల ఏళ్ల నాటి జాతి అని గట్టిగా చెప్పారు. అందులో నిజమెంత? పెంచినవాళ్లు, తెలిసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

నడిగడ్డ_రైతు

తీరం గారూ, మాది గద్వాల వైపు. మా నాన్నగారి కాలం నుంచి మా ఇంట్లో ఈ కుక్కలు ఉన్నాయి. మనవాళ్లు చాలామంది ఊరి పేరు విని బాసర దగ్గరి ముధోల్ అనుకుంటారు. ఆ ఊరికి, ఈ కుక్కకు సంబంధం లేదు. ఇది కర్ణాటకలోని బాగల్‌కోట్ జిల్లాలో, ఘటప్రభ పరీవాహకంలో ఉన్న ముధోల్. అక్కడికి దగ్గరలోని తిమ్మాపూర్‌లో ఈ జాతి కోసం ఒక పరిశోధన, సమాచార కేంద్రం ఉంది. బీదర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం దాన్ని నడుపుతోంది.

కాపలా గురించి చెబుతాను. ఇది కంటితో వేటాడే కుక్క. లాబ్రడార్ వాసన పట్టి నేల వెంట ముక్కుతో వెళ్తుంది. ముధోల్ తల ఎత్తి దూరం చూస్తుంది. చాలా దూరంలో కుందేలు కదిలినా దాని కన్ను అక్కడే నిలుస్తుంది. మరుక్షణం మీ పక్కన ఉండదు. ఆ కంటికోసం, ఆ పరుగుకోసం తరతరాలుగా ఏరి పెంచిన జంతువు ఇది. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లపై గంటల తరబడి మొరగడం దాని నైజం కాదు. కొత్తవాళ్లు వస్తే లేచి నిలబడుతుంది, దూరం నుంచే గమనిస్తుంది, అవసరమైతే మొరుగుతుంది. ఆ ఎత్తు, ఆ చూపు చూసి దొంగ వెనకడుగు వేయవచ్చు. కానీ కాపలా ఒక్కటే మీ అవసరమైతే మంచి ఊరకుక్క కూనను చేరదీయండి. అది ఆ పని ఇంతకంటే బాగా చేస్తుంది. ఈ మాట ముధోల్ మీద ప్రేమతోనే చెబుతున్నాను.

కోళ్లు, పిల్లి విషయంలో జాగ్రత్త. కూనగా ఉన్నప్పటి నుంచి పిల్లితో కలిసి పెరిగితే ఇంట్లో ఆ పిల్లిని ఏమీ అనకపోవచ్చు. అదే పిల్లి తోటలో పరుగెత్తితే మాత్రం కుక్క కంటికి అది వేరే ప్రాణి. కోళ్లకు గట్టి జాలీ కట్టండి. పాపతో భయం లేదు, సౌమ్యమైన కుక్క. అయితే నిద్రలో ఉన్నప్పుడు మీద పడటం, చెవులు లాగడం దానికి నచ్చదు. పక్కకు వెళ్లిపోయే దారి దానికి ఎప్పుడూ ఉండాలి.

పాలమూరు_గాలి

నడిగడ్డ గారితో కొంత విభేదిస్తున్నాను. మా చుట్టాల తోటలో ముధోల్ జత ఉంది. పగలు కట్టేసి, రాత్రి వదులుతారు. గట్టు మీదికి ఎవరినీ రానివ్వవు. కాపలాకు పనికిరాదంటే ఒప్పుకోలేను.

నడిగడ్డ_రైతు

గాలి గారూ, జతగా ఉన్నప్పుడు ధైర్యం ఎక్కువ, అది నిజం. కానీ పగలంతా గొలుసుతో కట్టేయడం ఈ జాతికి చేసే అన్యాయం. దాని కాలి కండ, ఛాతీ లోతు, సన్నని నడుము అన్నీ పరుగు కోసమే. కదలిక లేకపోతే ముందు మనసు పాడవుతుంది. గుండ్రంగా ఒకేచోట తిరగడం, గొలుసు కొరకడం, మనిషి కనిపించగానే బెదరడం మొదలవుతాయి. అలా బెదిరిన కుక్కే కరుస్తుంది. జనం దాన్ని చూసి ‘ఎంత కాపలానో’ అంటారు. అది కాపలా కాదు, భయం.

పశువైద్యం_వి

ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి విరమించాను. ఈ జాతి శరీరం గురించి కొన్ని విషయాలు యజమానులకు తెలిసి తీరాలి. కొన్నిసార్లు వైద్యులకు కూడా గుర్తు చేయవలసి వస్తుంది.

మగకుక్క భుజం దగ్గర 68 నుంచి 72 సెంటీమీటర్లు, ఆడది 64 నుంచి 68 సెంటీమీటర్లు ఉంటాయి. అంత ఎత్తుకు బరువు చాలా తక్కువ. వెనుక పక్కటెముకలు రెండు మూడు కనిపిస్తాయి, నడుము ఎముకల మొనలు తెలుస్తాయి. ఆరోగ్యంగా ఉన్న ముధోల్ అలాగే ఉంటుంది. చూసినవాళ్లు ‘తిండి పెట్టడం లేదా’ అని అడుగుతారని అన్నం కుక్కి లావు చేయవద్దు. పరుగెత్తేటప్పుడు దాని వెన్ను విల్లులా వంగి సాగుతుంది. ఒక్కో అంగలో రెండుసార్లు నాలుగు కాళ్లూ నేలను వదిలేస్తాయి. ఒకసారి కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడు, మరోసారి ముందుకూ వెనక్కూ చాచినప్పుడు. ఆ వేగంలో అదనపు బరువంతా కీళ్ల మీదే పడుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది మత్తుమందు. ఒంట్లో కొవ్వు తక్కువ. పైగా గ్రేహౌండ్ (పరుగుకు పేరుపడ్డ విదేశీ వేటకుక్క) తరహా కుక్కల కాలేయం కొన్ని మత్తుమందులను నెమ్మదిగా విడగొడుతుంది. థయోపెంటోన్ ఇస్తే ఇతర కుక్కలు లేచే సమయానికి ఇవి లేవవు. గంటల తరబడి మత్తులోనే ఉండిపోవచ్చు, ఒళ్లు చల్లబడవచ్చు. గర్భసంచి ఆపరేషన్ అయినా, కుట్లు వేయడమైనా, ‘ఇది వేటజాతి, కొవ్వు తక్కువ, థయోపెంటోన్ వద్దు’ అని ముందే నోరు విప్పి చెప్పండి. బరువును అంచనాగా కాకుండా తూకం వేయించండి. ఆపరేషన్ తరువాత దుప్పటి కప్పి వెచ్చగా ఉంచండి.

రక్త పరీక్షల గురించి కూడా ఒక మాట. గ్రేహౌండ్ వంటి జాతుల్లో ఎర్రకణాల శాతం మామూలు కుక్కల కంటే ఎక్కువగా, ప్లేట్‌లెట్లు కాస్త తక్కువగా, థైరాయిడ్ హార్మోను తక్కువగా ఉండటం సహజం. కాగితం మీది అంకె ఒక్కదాన్నే చూసి జబ్బు అనుకోకూడదు. అలాగని పిడుదుల జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన రెండు రాష్ట్రాల్లో పిడుదుల వల్ల వచ్చే ఎర్లికియా, బబీసియా జబ్బులు రెండూ ఉన్నాయి. తిండి మానేయడం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుంచి రక్తం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. రక్తపు చుక్కను సూక్ష్మదర్శినిలో చూడమని అడగండి. రెండు జబ్బులకూ మందులు వేరు. పశువులకు వాడే పిడుదుల మందును, ఐవర్‌మెక్టిన్ ఇంజక్షన్‌ను అందాజుగా కుక్కకు వేయడం పల్లెల్లో అలవాటు. ప్రాణాలు పోతాయి, దయచేసి మానండి.

పుణె_తెలుగమ్మాయి

డాక్టరు గారికి ధన్యవాదాలు, మత్తుమందు సంగతి నేను ఇక్కడే వింటున్నాను. మహారాష్ట్రలో ఈ కుక్కను కార్వానీ అంటారు. కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా దీన్ని కారవాన్ హౌండ్ పేరుతో నమోదు చేస్తుంది. చెవులకు, తోకకు పొడవైన వెంట్రుకలున్న రకాన్ని పష్మీ అంటారు.

మాది ఫ్లాటు. ఫ్లాటులో దీన్ని ఎలా పెంచుతారని అందరూ అడుగుతారు. ఇంట్లో ఇంత నెమ్మదైన కుక్కను నేను చూడలేదు. రోజులో ఎక్కువ భాగం నిద్రే. కానీ ఉదయం, సాయంత్రం బయటికి తీసుకువెళ్లడం ఒక్కరోజు కూడా తప్పకూడదు. దానికి తోడు వారానికి కొన్నిసార్లు గోడ ఉన్న మైదానంలో విడిచిపెట్టి పరుగెత్తనివ్వాలి. ఇది చేయలేనివాళ్లు దయచేసి పెంచవద్దు.

మరొకటి, పడక. మోచేతుల దగ్గర, తుంటి దగ్గర కండ లేదు కాబట్టి బండల మీద పడుకుంటే చర్మం రాసుకుపోయి కాయలు కాస్తాయి. మందమైన బొంత వేయండి. చలికాలంలో ఒంటికి గుడ్డ కట్టండి. వెంట్రుక పొట్టి, చర్మం పలుచన. కంప తగిలినా కాగితంలా చీరుకుపోతుంది.

శాసనాల_వెంట

‘వేల ఏళ్ల జాతి’ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసినంత చెబుతాను.

సన్నని నడుము, లోతైన ఛాతీ, పొడవైన మూతి ఉన్న వేటకుక్క రూపం నిజంగానే చాలా పాతది. ఈజిప్టు సమాధుల గోడల మీద అలాంటి కుక్కల బొమ్మలున్నాయి. అరబ్బు ఎడారుల్లోని సాలుకి, ఆఫ్ఘనిస్తాన్‌లోని తాజీ, మన ముధోల్ ఒకే కుటుంబపు పోలికలతో కనిపిస్తాయి. వర్తకుల బిడారులతో, సైన్యాలతో పశ్చిమాసియా నుంచి ఇవి దక్కనుకు వచ్చాయన్నది ఎక్కువగా వినిపించే మాట. కారవాన్ అన్న పేరు కూడా ఆ కథనే చెబుతుంది.

రూపం పాతది కావడం వేరు, ఒక జాతి తెగకుండా వేల ఏళ్లు అలాగే రావడం వేరు. 2004లో ‘సైన్స్’ పత్రికలో 85 జాతుల కుక్కల జన్యువులను పోల్చిన పరిశోధన వచ్చింది. మిగతావాటి నుంచి విడిగా, తోడేలుకు దగ్గరగా నిలిచిన 14 జాతుల్లో సాలుకి, ఆఫ్ఘన్ హౌండ్ ఉన్నాయి. దాంతో ‘ప్రాచీన జాతులు’ అన్న మాట ప్రచారంలోకి వచ్చింది. 2012లో మరో పరిశోధక బృందం దాన్ని సవరించింది. ఆ జాతులు విడిగా నిలవడానికి కారణం వాటి వయసు కాదని, యూరప్ జాతులతో కలవకుండా దూరంగా ఉండిపోవడమేనని వాదించింది. నాకు ఈ రెండో మాటే సబబుగా అనిపిస్తుంది. కూన ధర పెంచడానికి ఏళ్లు లెక్కపెట్టేవాళ్లను నమ్మవద్దు.

ముధోల్ పేరుతో మనకు తెలిసిన చరిత్ర ముధోల్ సంస్థానాన్ని ఏలిన ఘోర్పడే పాలకులది. బేడ వేటగాళ్ల దగ్గర ఈ కుక్కలను చూసి, ఏరి పెంచి, జాతిని నిలబెట్టినది రాజా మాలోజీరావు ఘోర్పడే అని చెబుతారు. గత శతాబ్దపు తొలి దశకాల్లో ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆయన ఒక జతను ఐదవ జార్జి రాజుకు కానుకగా ఇచ్చారు. రాజు పేరు అందరూ చెబుతారు. కానీ ఈ కుక్కను అంతకుముందు కాపాడుకున్నది బేడలు, మన సీమలో బోయలు అని పిలిచే వేట కులాలవారు. ఆ గౌరవం వాళ్లకు దక్కాలి.

దక్కనులో వేటకుక్కకు ఎంత విలువ ఉండేదో తెలియాలంటే ఆతకూరు శాసనం చూడాలి. మండ్య జిల్లాలో దొరికింది, ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది. కాలం క్రీ.శ. 949-50. తక్కోలం యుద్ధంలో చోళులపై పోరాడిన మనలేరుడనే వీరుడిని గంగరాజు బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఆయన అడిగింది కాళి అనే వేటకుక్కను. తరువాత ఆ కాళి ఒక పెద్ద అడవిపందితో తలపడి, దాన్ని చంపి తానూ చనిపోయింది. కుక్క కోసం వీరగల్లు (వీరుల జ్ఞాపకార్థం నిలిపే రాయి) నిలబెట్టారు, దాని పూజకు భూమి ఇచ్చారు. కాళి ముధోల్ జాతిది అని శాసనం చెప్పదు. అయినా నాకు ఆ రాయి అంటే ఎంతో ఇష్టం.

ఇసుకదారి

నేను జగిత్యాల నుంచి వచ్చి అబుదాబీలో డ్రైవరుగా పనిచేస్తున్నాను. పైన సాలుకి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. ఇక్కడ 2001 నుంచి ప్రత్యేకంగా సాలుకి కేంద్రమే ఉంది. పండుగల్లో పందేలు పెడతారు. ముందు వెళ్లే వాహనానికి జింక బొమ్మను కట్టి లాగుతారు, కుక్కలు దాని వెంట పరుగెడతాయి. ప్రాణిని చంపే పని లేదు. అరబ్బులు కుక్కను ఇంట్లోకి రానివ్వరు, సాలుకిని మాత్రం గుడారంలో పడుకోబెట్టుకునే ఆచారం బెదూయిన్లకు ఉంది. ఇసుకలో అరికాళ్లు గట్టిపడాలని గోరింటాకు పెట్టడం కూడా ఉంది. ముధోల్ ఫొటోలు చూస్తే నాకు ఇక్కడి కుక్కలే గుర్తొస్తాయి.

గట్టుమీద

మా దగ్గర ఒక ముధోల్ ఉంది. రాత్రిపూట కుందేళ్లకు వదిలితే బాగా పట్టుకుంటుంది. వేట నేర్పడానికి ఎన్ని నెలల వయసు నుంచి మొదలుపెట్టాలి?

నిర్వాహకులు

గట్టుమీద గారూ, ఈ ప్రశ్నకు ఇక్కడ జవాబులు అనుమతించం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం కుందేలును పట్టుకోవడం నేరం. కుక్కలతో తరమడం కూడా వేట కిందికే వస్తుంది. కుందేలు తప్పించుకున్నా కేసు కేసే. సభ్యులందరూ దీన్ని గమనించగలరు.

నడిగడ్డ_రైతు

నిర్వాహకులు చెప్పింది సరైనది. గట్టుమీద గారూ, ఇంకొక కారణం కూడా చెబుతాను. రాత్రిపూట పొలాల్లోకి వదిలిన వేటకుక్కలు ఇంటికి రాకపోవడం మా వైపు కొత్త కాదు. అడవిపందుల కోసం దొంగచాటుగా కరెంటు తీగలు కట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఒడ్డు లేని పాత బావులు సీమలో ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ముధోల్ కన్ను కదిలే ప్రాణి మీద ఉంటే ముందున్న బావి కనిపించదు, రోడ్డు మీది లారీ కనిపించదు, మీ పిలుపు వినిపించదు. ఎంత నేర్పినా తరమడం మొదలుపెట్టాక వెనక్కి రావడం కష్టం. తీరం గారూ, ఇది మీకు కూడా. మీ తోటలో బావి ఉంటే కూన రాకముందే దాని చుట్టూ గోడ కట్టించండి.

పరుగు తృప్తి కావాలంటే అబుదాబీ సోదరుడు చెప్పిన పద్ధతి ఉంది. పొడవైన కర్రకు తాడు, తాడు చివర పాత గుడ్డ. గిర్రున తిప్పండి, ఈడ్చుకుంటూ పరుగెత్తండి. పది నిమిషాలకు కుక్క, మనిషి ఇద్దరూ అలసిపోతారు.

తుంగభద్ర_తీరం

ఇంత ఓపికగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. బావి ఉంది, దానికి ఒడ్డు లేదు. ఆ పని ముందు చేయిస్తాను. నాన్నగారికి కూడా ఈ చర్చ చదివి వినిపించాను. కాపలా మాట ఆయన పక్కన పెట్టారు. ‘తెచ్చుకుంటే కుక్క కోసమే తెచ్చుకుందాం’ అన్నారు.

తిండి, ఎండ, కంచె గురించి ఎవరైనా చెప్పగలరా? మా చుట్టూ ముళ్లతీగ కంచె ఉంది.

పశువైద్యం_వి

ముళ్లతీగ వద్దు. పరుగులో తగిలితే చర్మం జానెడు చీలుతుంది. కనీసం ఇంటి చుట్టూ ఆరడుగుల ఎత్తున అల్లిక జాలీ వేయించండి. నాలుగడుగులు అది నిలబడినచోటి నుంచే దూకుతుంది.

ఎండను మన ఊళ్ల కుక్క కాబట్టి తట్టుకుంటుందని అనుకోకండి. నీడలో ఉన్నంతవరకు పర్వాలేదు. పరుగు వల్ల పుట్టే వేడి వేరు. వేసవిలో సూర్యోదయానికి ముందే పరుగు ముగించాలి. రొప్పు ఆగకపోవడం, నాలుక ఎర్రబడటం, తూలడం కనిపిస్తే వెంటనే ఒంటి మీద నీళ్లు పోసి గాలి తగిలేలా చేసి ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

ఛాతీ లోతైన కుక్కలకు పొట్ట ఉబ్బి మెలిపడే ప్రమాదం ఉంది. కడుపు డోలులా బిగుసుకుని, వాంతి రాకుండా ఓకరిస్తుంటే క్షణం ఆలస్యం చేయకూడదు. అందుకే తిండిని రెండు పూటలుగా పెట్టండి. తిన్న వెంటనే పరుగు వద్దు.

కూనకు ఏడాది నుంచి ఏడాదిన్నర వచ్చేదాకా బండి వెంట పరుగెత్తించకండి. ఎముకల చివరలు ఇంకా పెరుగుతూ ఉంటాయి. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేవరకు వేయించాలి. రేబిస్ టీకా మూడు నెలలకు. ఆ తరువాత వైద్యుడు చెప్పిన తేదీలను క్యాలెండరులో రాసుకోండి.

పాలమూరు_గాలి

ముధోల్ చుట్టుపక్కల పల్లెల్లో జొన్నపిండి, మొక్కజొన్నపిండి ఉడికించి పాలతో పెడతారు. గుడ్డు దొరికితే గుడ్డు. కుక్కలు చక్కగా ఉంటాయి. కొనే తిండి అక్కర్లేదు.

పశువైద్యం_వి

గాలి గారూ, పెద్ద కుక్క దాంతో బతుకుతుంది, నిజమే. ఎదిగే కూనకు అది చాలదు. మాంసకృత్తులు కావాలి. జొన్న సంకటి, రాగి సంకటి ఏదైనా మంచిదే. దానితో పాటు రోజూ ఉడికించిన కోడిమాంసమో గుడ్లో, వారానికి ఒకటి రెండుసార్లు కాలేయమో కలపండి. పాలు పడక విరేచనాలైతే పెరుగు ఇవ్వండి. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూర, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ పెట్టకూడదు. ఉడికిన ఎముకలు కూడా వద్దు, అవి మొనదేలి విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి.

పుణె_తెలుగమ్మాయి

కూనను ఎక్కడ కొనాలో ఎవరూ చెప్పలేదు. 2005లో తపాలా శాఖ ముధోల్ మీద స్టాంపు వేసింది. 2016లో సైన్యం మీరట్‌లో శిక్షణకు కూనలను తీసుకుంది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియోలో దేశీ జాతుల గురించి చెబుతూ ముధోల్ పేరు కూడా చెప్పారు. అప్పటి నుంచి గిరాకీ పెరిగింది, దాంతో గ్రేహౌండ్‌తో కలిపిన కూనలను కూడా ముధోల్ అని అమ్ముతున్నారు. తిమ్మాపూర్ కేంద్రంలో పేరు నమోదు చేసుకుంటే కూనలు ఇస్తారు. ఆలస్యమైనా అదే మేలు. ప్రైవేటుగా కొంటే తల్లిని, తండ్రిని చూడకుండా డబ్బు ఇవ్వకండి. తల్లి మనుషులను చూసి మూలకు నక్కితే ఆ కూన వద్దు.

నడిగడ్డ_రైతు

శిక్షణ గురించి రెండు ముక్కలు. ఈ కుక్కను కొట్టకూడదు. గొంతు పెంచినా ముడుచుకుపోతుంది, మళ్లీ దగ్గరికి రావడానికి రోజులు పడుతుంది. కూనప్పటి నుంచి తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒకే రకం ఈల వేయండి. పెద్దయ్యాక ఆ ఈలే మీకు ఆధారం. ఇంట్లో ఒకరిద్దరికే మనసిస్తుంది. మిగతావాళ్లతో మర్యాదగా, కాస్త దూరంగా ఉంటుంది. పాప చేత రోజూ ఒక పూట తిండి పెట్టించండి.

తుంగభద్ర_తీరం

తిమ్మాపూర్‌లో పేరు రాయించబోతున్నాను. బావి ఒడ్డుకు మేస్త్రీతో మాట్లాడాను. చివరిగా ఒకటి అడుగుతాను, మామూలు మెడపట్టీ సరిపోతుందా?

పుణె_తెలుగమ్మాయి

సరిపోదు. తల మెడకంటే సన్నగా ఉంటుంది, వెనక్కి లాగితే పట్టీ ఊడి చేతిలోకి వస్తుంది. రెండంగుళాలకు తగ్గని వెడల్పుతో, లాగినప్పుడు కొద్దిగా బిగిసే రకం అడగండి. దుకాణంలో లేకపోతే చెప్పులు కుట్టేవారి దగ్గర మెత్తని తోలుతో కుట్టించుకోవచ్చు. మాది అలా కుట్టించినదే. కొలత కూన వచ్చాక తీసుకోండి, మొదటి ఏడాదిలో రెండు మూడు పట్టీలు మార్చవలసి వస్తుంది.